ఎనిమిది మందికి గ్రీసులో తెరచాప పడవ: మోనోహలా, క్యాటమరానా?

గ్రీసు పడమటి తీరంలోని లెఫ్కాడా నుంచి వారం రోజులకు పడవ అద్దెకు తీసుకోవాలనుకునే ఎనిమిది మంది సాధారణంగా రెండింటి మధ్య ఊగిసలాడతారు: 45 అడుగుల మోనోహల్ (ఒకే పొట్ట, అంటే నీటిలో తేలే ఒకే అడుగుభాగం ఉన్న పడవ), 42 అడుగుల క్యాటమరాన్ (పక్కపక్కన రెండు పొట్టలున్న పడవ). అదే వారానికి, అదే వయసు పడవకు క్యాటమరాన్ అద్దె దాదాపు రెట్టింపు పలుకుతుంది కాబట్టి చాలామంది మోనోహల్ వైపే మొగ్గుతారు. కానీ అద్దె కంటే ముందు పడకలు లెక్కపెట్టాలి.

మీలో పడవ నడిపే లైసెన్సు ఉన్నవాళ్లు లేకపోతే, నడిపేందుకు స్కిప్పర్‌ని పెట్టుకోక తప్పదు. జీతంతో పాటు పడక, భోజనం కూడా మీరే చూడాలి. నాలుగు గదుల మోనోహల్‌లో ఎనిమిది మంది సర్దుకుంటే అతనికి మిగిలేది హాల్లో సోఫా. రోజంతా చుక్కాని పట్టిన మనిషి, మీ కబుర్లు అయ్యేదాకా నిద్రపోలేడు. అది మీ భద్రతకే మంచిది కాదు. చాలా క్యాటమరాన్లలో ముందుభాగాన స్కిప్పర్‌కి ఇరుకుగానైనా విడిగా పడక ఉంటుంది. బుక్ చేసేముందు అడిగి తేల్చుకోండి. పడవ కాగితాల్లో రాసిన గరిష్ఠ సంఖ్యలో స్కిప్పర్, చంటిపిల్లలూ లెక్కలోకే వస్తారు.

ఇక గాలి. వేసవిలో ఇక్కడ మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి గాలి లేచి, చీకటి పడ్డాక తగ్గుతుంది. మోనోహల్ పక్కకు 15, 20 డిగ్రీలు వాలుతుంది. పొయ్యి దగ్గర నిలబడటం కష్టం, అలవాటు లేనివాళ్లకు కడుపులో తిప్పుతుంది. అయితే ఆ వాలడమే ఒక హెచ్చరిక: తెరచాప తగ్గించమని పడవే చెబుతుంది. క్యాటమరాన్ అంతగా వాలదు. గాలి పెరిగిన సంగతి తెలియకుండానే భారమంతా స్తంభం మీద, దాన్ని పట్టి ఉంచే తీగల మీద పడుతుంది. అందుకే గాలి మీటరు చూస్తూ, పడవ పుస్తకంలో రాసిన గాలి వేగం (నాట్లలో ఉంటుంది; ఒక నాట్ అంటే గంటకు 1.85 కి.మీ.) రాగానే చాప కుదించాలి. ఎదురుగాలిలో క్యాటమరాన్ నడక మోనోహల్ అంత బాగుండదు, అలలు రెండు పొట్టల మధ్య అడుగున దబదబా బాదుతాయి.

రేవులో లెక్క మారుతుంది. పక్క దీవి కెఫలోనియాలోని ఫిస్కార్డో లాంటి చోట్ల లంగరు వేసి, వెనక్కి నడిపి, వెనుకవైపు తాళ్లను గట్టుకు కట్టాలి. లోతుకు నాలుగైదు రెట్లు గొలుసు వదలకపోతే లంగరు జారి వెనుకభాగం గట్టుకు కొట్టుకుంటుంది. డిపాజిట్లో కోత ఎక్కువగా ఇక్కడే పడుతుంది. క్యాటమరాన్‌కి రెండు ఇంజన్లు: ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పెడితే ఉన్నచోటే తిరుగుతుంది. మోనోహల్‌ను రివర్సులో పెట్టగానే ప్రొపెల్లర్ దాని వెనుకభాగాన్ని ఒక పక్కకు లాగుతుంది. కానీ క్యాటమరాన్ వెడల్పు ఏడు మీటర్లు, ఆపైన కూడా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం రెండుకల్లా చేరకపోతే గట్టున అంత సందు దొరకదు. మరీనాల్లో (పడవలు నిలిపే రుసుము రేవుల్లో) రుసుమూ ఎక్కువే.

పిల్లలు, పెద్దవాళ్లు, స్కిప్పర్ ఉన్న ఎనిమిది మందికి నా ఓటు క్యాటమరాన్‌కే. తెరచాప పని నేర్చుకోవాలన్న ఆరుగురు స్నేహితులైతే మోనోహల్ తీసుకోండి, అందులో చుక్కాని చేతికి చెప్పే సంగతులు క్యాటమరాన్‌లో తెలియవు. ఖర్చు తగ్గాలంటే పడవను కాదు, తేదీని మార్చండి: జూన్ మొదట్లో, సెప్టెంబరు చివర్లో అద్దె బాగా దిగుతుంది.

ఆగస్టులో గ్రీసుకు తూర్పున ఏజియన్ సముద్రంలో ఉన్న సైక్లడీస్ దీవులకు మాత్రం కొత్తవాళ్లు ఏ పడవలోనూ వెళ్లవద్దు. మెల్టెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి 30 నాట్లతో వీచి, పడవలను రేవులోనే ఆపేస్తుంది. సాధారణంగా శుక్రవారం సాయంత్రానికే పడవ బయల్దేరిన చోటికి తిరిగి రావాలి, శనివారం ఉదయం అప్పగించాలి. గాలికి ఆగిపోయిన రోజులకు అద్దె తిరిగి రాదు.