చీకట్లో పనిచేసేదాని మొదటి కళ్లజోడు: ఒక రివ్యూ

నేను నాటకాలకు లైటింగ్ చేస్తాను. షో నడిచినంతసేపూ హాలు చివర, ప్రేక్షకుల వెనక, చీకట్లో లైట్ బోర్డు ముందు కూర్చోవడమే నా పని. ముప్పై దాటాక సైటు వచ్చిందన్నారు, మొదటిసారి కళ్లజోడు పెట్టుకున్నాను. కొత్త కళ్లజోడు గురించి ఎవరిని అడిగినా మొహానికి నప్పిందా లేదా అన్న దగ్గరే ఆగిపోతారు. నా అవసరాలు వేరు. చీకట్లో పనికొస్తుందా, నిచ్చెన మీద పనికొస్తుందా, నెత్తిన హెడ్‌సెట్ ఉండగా పనికొస్తుందా? ఆ లెక్కలోనే ఈ రివ్యూ.

నేను తీసుకున్నది సన్నటి లోహపు ఫ్రేమ్. మెరుపు లేని నలుపు, ముక్కు దగ్గర సిలికాన్ ప్యాడ్లు. కాడ లోపలివైపు 50, 19, 140 అని ఉంటుంది. లెన్స్ వెడల్పు, ముక్కు మీద కూర్చునే వంతెన, కాడ పొడవు, మూడూ మిల్లీమీటర్లలో. మళ్లీ ఎక్కడ కొన్నా ఈ మూడు అంకెలు చెబితే దాదాపు ఇదే సైజు దొరుకుతుంది కాబట్టి ఫోటో తీసి పెట్టుకోవడం మంచిది. లెన్సులు పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌వి, వాటి మీద యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్.

ముందు కంటి పరీక్ష సంగతి, ఎందుకంటే మొత్తం వ్యవహారంలో బాగా జరిగింది అదే. పరీక్ష చేసినావిడ అక్షరాల చార్టు దగ్గరికి వెళ్లకముందే ఏం పని చేస్తారని అడిగింది. చీకటి హాల్లో కూర్చుంటానంటే, దీపాలు ఎలా కనిపిస్తాయో చెప్పమంది. పైకీ కిందికీ తోకలు సాగి కనిపిస్తాయన్నాను. దీపాలు అందరికీ అలాగే కనిపిస్తాయేమోనని నేనెప్పుడూ ఆలోచించలేదు కూడా. ఆవిడ మాత్రం అప్పుడే సిలిండర్, అంటే కంటి వంపులో తేడాకు వేసే పవర్, ఉంటుందని చెప్పేసింది. ఉంది. కుడి కంటికి మైనస్ 1.25, సిలిండర్ మైనస్ 0.75, దాన్ని ఏ కోణంలో పెట్టాలో చెప్పే యాక్సిస్ 180. ఎడమ కంటికి మైనస్ 1.50, సిలిండర్ మైనస్ 1.00, యాక్సిస్ 165.

పెద్ద పవరేం కాదు. సిలిండర్ సంగతి పక్కన పెడితే, ఒకటిని ఆ పవర్ అంకెతో భాగిస్తే ఎన్ని మీటర్ల వరకు స్పష్టంగా కనిపిస్తుందో వచ్చేస్తుంది. మైనస్ 1.25 అంటే 80 సెంటీమీటర్లు. చేతికందే దూరంలో ఉన్న బోర్డు, ఏ లైటు ఎప్పుడు మార్చాలో రాసుకునే క్యూ షీటు నాకు అద్దంలా కనిపించేవి, స్టేజీ మీద నటుల మొహాలు మాత్రం పిండి చల్లినట్టుండేవి. పగలు వీధిలో తేడా అంతగా తెలియకపోవడానికీ కారణముంది. వెలుతురులో కంటిపాప చిన్నదవుతుంది, సన్నటి రంధ్రం గుండా చూసినట్టు మసక తగ్గుతుంది. చీకట్లో పాప విచ్చుకునేసరికి కంట్లో ఉన్న లోపమంతా బయటపడుతుంది. నేను పనిచేసేది చీకట్లోనే.

సిలిండర్ అంటే కంటి ముందుభాగం అన్ని వైపులా ఒకే వంపుతో లేకపోవడం. 1820ల్లో జార్జ్ ఎయిరీ అనే ఖగోళ శాస్త్రవేత్త తన ఎడమ కంటికి ఈ లోపం ఉందని గుర్తించి, తానే లెక్కకట్టి సిలిండర్ లెన్స్ చేయించుకున్నాడు. నక్షత్రాలు చూసేవాడికి, లైట్లు వేసేదానికి ఒకటే బాధ అన్నమాట.

ఇక కళ్లజోడు చేతికొచ్చిన రోజు. స్టేజీ చూసి ఆనందపడ్డ మాట నిజమే. తెర మీద మడతలు కనిపించాయి, వెనక గోడ మీద పాత మేకుల గుర్తులు కనిపించాయి, ఓ నటుడు మేకప్ సరిగా తుడుచుకోకపోవడం కూడా కనిపించింది. కానీ ఆనందం లేచి నడిచేదాకే. నేల ఒకవైపు వాలినట్టు, నాకు కాస్త దగ్గరగా జరిగినట్టు అనిపించింది. తల తిప్పితే గోడలు ఊగాయి. తలుపు చట్రాలు అంచుల్లో వంగి కనిపించాయి. లైట్ల దిశ సరిచూడడానికి నిచ్చెన ఎక్కబోతుంటే మా అసిస్టెంట్ కుర్రాడు కింద నిలబడి, "అక్కా, ముందు నువ్వు దిగు, ఈ వారం పైకి నేనెక్కుతా" అన్నాడు. దిగాను. కొత్తగా కళ్లజోడు పెట్టుకుని ఎత్తుల మీద పనిచేసేవాళ్లెవరికైనా నేనూ ఇదే చెబుతాను: కొన్నాళ్లు నిచ్చెన ఎక్కొద్దు, రాత్రి బండి నడపొద్దు. మెట్లు దిగేటప్పుడు కళ్లు కాదు, తలే కిందికి వంచి లెన్స్ మధ్యలోంచి చూడండి.

ఇలా ఎందుకవుతుందంటే, మైనస్ లెన్స్ వస్తువుల్ని కొంచెం చిన్నవి చేసి చూపిస్తుంది. సిలిండర్ ఉంటే ఒక దిశలో ఎక్కువ, ఇంకో దిశలో తక్కువ చిన్నవి చేస్తుంది. నాకైతే రెండు కళ్లకూ యాక్సిస్ వేరు, అంటే ఒక్కో కన్ను నేలని ఒక్కో తీరుగా సాగదీసి మెదడుకు పంపుతోంది. మెదడు రెండింటినీ కలిపి వాలు నేల ఒకటి తయారుచేస్తుంది. ఇది లెన్స్ తప్పు కాదు. పాత లెక్కలతో కొత్త బొమ్మను చదవడం వల్ల వచ్చే తికమక. 1890ల్లో జార్జ్ స్ట్రాటన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త (ఈయనా జార్జే) లోకాన్ని తలకిందులు చేసి చూపించే లెన్స్ పెట్టుకుని రోజుల తరబడి గడిపాడు. కొద్ది రోజులకే ఆయన చేతులూ కాళ్లూ ఆ లోకానికి సర్దుకున్నాయి. తలకిందుల లోకానికే అలవాటుపడ్డప్పుడు ఒక డయాప్టర్ (లెన్స్ పవర్‌కి కొలత) సిలిండర్‌కి మెదడు లొంగదా అని ధైర్యం చెప్పుకున్నాను. మామూలుగా కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో సర్దుకుంటుందని పరీక్ష చేసినావిడ ముందే చెప్పింది. అప్పటికీ తగ్గకపోతే మళ్లీ రమ్మంది. ఆ రెండో మాట ముఖ్యం. "అలవాటవుతుందిలే" అని అందరూ అంటారు, ఎప్పటికి అలవాటు కాకపోతే వెనక్కి వెళ్లాలో ఎవరూ చెప్పరు.

నాకు రెండో మాటే పనికొచ్చింది. నేల వాలు పోయింది, గోడలు ఊగడం ఆగింది, కానీ ఎడమ కంటి పక్కన లాగుడు మిగిలింది. సాయంత్రానికి తలనొప్పి. దీపాల తోకలు కూడా ఎడమ కంటికి పూర్తిగా పోలేదు. పవర్ తప్పేమోనని మళ్లీ పరీక్ష చేయించుకుంటే అంకెలు అవే వచ్చాయి. అసలు సమస్య షాపు కౌంటర్‌లో జరిగింది. కళ్లజోడు ఇచ్చిన రోజు అక్కడి అబ్బాయి పెట్టె తెరిచి, గుడ్డతో తుడిచి, నా మొహాన పెట్టి, అద్దం చూపించి, బాగుందండీ అన్నాడు. అంతే. చెవుల వెనక చేయి పెట్టి చూడలేదు. నా చెవులు రెండూ ఒకే ఎత్తులో లేవట, ఫ్రేమ్ ఒకవైపు దిగి కూర్చుంటోంది.

ఇక్కడే నా అసలు మాట. ఫిట్టింగ్ అంటే సుఖం కోసం చేసేది అనుకుంటారు, సిలిండర్ ఉన్నవాళ్లకి మాత్రం ఫిట్టింగ్ కూడా పవరే. ఫ్రేమ్ వంకరగా కూర్చుంటే లెన్స్‌తో పాటు యాక్సిస్ కూడా తిరుగుతుంది. 3 డిగ్రీలు తిరిగితే సిలిండర్ చేసే మేలులో సుమారు పదో వంతు పోతుంది, 10 డిగ్రీలయితే మూడో వంతు. రెండు కంటిపాపల మధ్య దూరం తప్పుగా కొలిచినా అంతే, చూపు లెన్స్ నడిమధ్య నుంచి కాక పక్క నుంచి పోతుంది, లెన్స్ పట్టకంలా పనిచేసి కళ్లను పక్కకు లాగుతుంది. చీటీలో అంకెలన్నీ సరిగ్గా ఉన్నా, ముక్కు మీద తప్పుగా ఉంటే తప్పే.

రెండోసారి వెళ్లినప్పుడు లోపలి నుంచి ఓ పెద్దాయన వచ్చారు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, నుదుటికి తన కళ్లు సమానంగా వచ్చేలా వంగి, కాసేపు ఊరికే చూశారు. కాడ చివర ప్లాస్టిక్ తొడుగును వేడిచేసి చెవి వెనక వంపును మార్చారు, ఎడమ ప్యాడ్‌ను చిన్న పట్టకారుతో కొంచెం లోపలికి వంచారు. పెట్టి చూడమన్నారు, తీసి మళ్లీ వంచారు, మళ్లీ పెట్టమన్నారు. తల ఊపమన్నారు, కిందికి వంగమన్నారు. తర్వాత సన్నటి కలంతో లెన్స్ మీద చుక్క పెట్టి, అది కంటిపాప ముందుకు వస్తోందో లేదో చూశారు. ఇదంతా మొదటి రోజే జరగాల్సింది. లాగుడు ఆ సాయంత్రమే తగ్గింది, తలనొప్పి ఆ తర్వాత మెల్లగా పోయింది. పరీక్షకు పూర్తి మార్కులు, పెద్దాయనకు పూర్తి మార్కులు, కౌంటర్‌కు సున్నా. సర్వీసు మొత్తానికి ఒకే రేటింగ్ ఇవ్వమంటే నా వల్ల కాదు.

ఇక వస్తువు. కోటింగ్ లేని లెన్స్ రెండు ముఖాల నుంచి కలిపి మీద పడిన వెలుగులో సుమారు 8 నుంచి 10 శాతం వెనక్కి తిప్పేస్తుంది. పగలు ఎవరికీ పట్టదు. చీకట్లో కూర్చునేదానికి మాత్రం ఒడిలో ఉన్న స్క్రీను లెన్స్ లోపలివైపు దెయ్యంలా తేలుతుంది. కోటింగ్ ఉండబట్టి అది చాలావరకు లేదు, పచ్చటి నీడ కాస్త మిగులుతుంది, అంతే. అదనపు హంగులన్నింటిలో కళ్లు మూసుకుని తీసుకోదగ్గది ఇదొక్కటే.

నీలి వెలుగును తగ్గించే బ్లూ ఫిల్టర్ వేయించుకోమని కూడా షాపులో గట్టిగానే చెప్పారు. వద్దన్నాను. స్క్రీన్ అలసటను అది తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదని వైద్య పరిశోధనలను కూడగట్టి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2023లో చేసిన సమీక్ష తేల్చింది. దానికి తోడు ఆ లెన్సులకు లేత పసుపు ఛాయ ఉంటుంది. తెలుపును తెలుపుగా చూడలేనిదాన్ని లైట్ల దగ్గర ఎవరు కూర్చోనిస్తారు? ఇంకా పలచటి లెన్స్, 1.67 రకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె అది), కూడా చూపించారు. నా పవర్‌కు మామూలుదే సన్నగా ఉంటుంది. పెద్ద పవర్ ఉన్నవాళ్లు ఆలోచించుకోవలసిన విషయం అది.

పాలికార్బొనేట్ తీసుకున్నది నిచ్చెన పని వల్ల. సులభంగా పగలదు, పైనుంచి స్క్రూ జారి మొహాన పడినా కంటికి భరోసా. కానీ దాని లోపం నాలాంటి వాళ్లకే కనిపిస్తుంది. రంగుల్ని విడదీసే గుణం దానికి ఎక్కువ. నేరుగా చూస్తే ఏమీ లేదు. నల్లటి స్టేజీ మీద ఒక తెల్ల ఎల్‌ఈడీ వెలిగి, దాన్ని లెన్స్ అంచు నుంచి చూశామా, ఒక పక్క నీలం, ఇంకో పక్క నారింజ గీత. మామూలు ప్లాస్టిక్ లెన్స్‌కి, సీఆర్-39 అంటారు, ఆ బాధ బాగా తక్కువ. బోర్డు ముందు కూర్చుని రంగులు కలిపేటప్పుడు కళ్లు కాక తలే తిప్పడం అలవాటు చేసుకున్నాను. షాపులో ఈ విషయం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సన్నటి లోహపు కాడలు తీసుకోవడం మాత్రం సరైన నిర్ణయం. లావు ప్లాస్టిక్ కాడలైతే హెడ్‌సెట్ వాటిని కణతలకేసి నొక్కుతుంది. మూడు గంటల రిహార్సల్లో అది చిన్న విషయం కాదు. చెమట పడితే ప్యాడ్లు జారుతాయి, దానికి ఇంకా మందు దొరకలేదు. చల్లటి హాల్లోంచి ఉక్కపోతలోకి వస్తే లెన్సులు మంచుపట్టినట్టవుతాయి, కాసేపు నిలబడాలి, తొందరపడి తుడిస్తే మళ్లీ పడుతుంది.

స్టేజీ మీద వదిలే పొగ లెన్స్ మీద జిడ్డు పొరలా పేరుకుంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే అది లెన్స్ అంతా పాకుతుంది, చొక్కా అంచుతో తుడిస్తే దుమ్ము కోటింగ్‌ను గీరుతుంది. గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, వేళ్లతో మెల్లగా రుద్దడం, తర్వాత మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. మరీ వేడి నీళ్లు వద్దు, కాలుతున్న లైట్ల పక్కన కూడా పెట్టొద్దు, కోటింగ్‌కు పగుళ్లొస్తాయి.

పెట్టుకుంటూ పోతే సైటు పెరిగిపోతుందని భయపెట్టేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. కళ్లజోడు కంటిని బలహీనం చేయదు. మొదట్లో దగ్గరి వస్తువులు చూసేటప్పుడు నాకు కళ్లు బరువెక్కేవి, అది వేరే సంగతి. ఇదివరకు చేతి దూరం చూడడానికి నా కళ్లు పెద్దగా శ్రమపడాల్సిన పనే లేదు, ఇప్పుడు అందరి కళ్లలాగే పనిచేయాలి. క్యూ షీటు చదివే రాత్రుళ్లు ఇంకా అప్పుడప్పుడు తీసి పక్కన పెడతాను, పరీక్ష చేసినావిడ అభ్యంతరం లేదంది.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే ఫ్రేమ్, ఇవే మూడు అంకెలు. అయితే ఈ సారి రెండు జతలు. పాలికార్బొనేట్‌ది నిచ్చెన మీదికి, సీఆర్-39ది బోర్డు ముందుకు. రెండింటినీ ఆ పెద్దాయన చేతే సరిచేయించుకున్నాకే షాపులోంచి బయటికి వస్తాను. ఆయన సెలవులో ఉంటే మర్నాడు వెళ్తాను.