కాలేజీ పిల్లల్ని మన ట్యాక్స్ రిటర్న్‌లో చూపాలా, వదిలేయాలా?

అమెరికాలోని మన ఇళ్లలో ట్యాక్స్ సీజన్ రాగానే ఇదే టెన్షన్. అమ్మాయి కాలేజీలో చదువుతూ క్యాంపస్ జాబ్ చేస్తోంది. డిపెండెంట్‌గా (మనపై ఆధారపడిన వ్యక్తిగా) మనం చూపాలా, వదిలేయాలా?

చూపిస్తే 500 డాలర్ల క్రెడిట్, అంటే పన్నులో తగ్గింపు, వస్తుంది. డిగ్రీ మొదటి నాలుగేళ్లలో చదువు ఖర్చులకిచ్చే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ 2,500 డాలర్ల వరకు ఉంటుంది. అలా చూపాలంటే అమ్మాయి ఏడాది చివరికి 24 నిండని ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయి ఉండాలి, తన పోషణ ఖర్చులో సగానికి మించి తనే భరించకూడదు. డార్మ్‌లో ఉన్న నెలలూ ఇంట్లో ఉన్నట్టే లెక్క. చాలామంది ఇక్కడే అనవసరంగా భయపడి వదిలేసుకుంటారు.

చూపకపోతే ఆ 500 పోతుంది. చదువు క్రెడిట్ అమ్మాయి తీసుకోవచ్చు, కానీ సాధారణంగా తను కట్టాల్సిన పన్ను మేరకే. చిన్న జాబ్‌కి అది దాదాపు సున్నా.

నా ఓటు చూపించడానికే. ఒక్క మినహాయింపు: భార్యాభర్తల ఉమ్మడి ఆదాయం 1,80,000 డాలర్లు దాటితే చదువు క్రెడిట్ మనకు రాదు. ఇద్దరూ ఐటీలో ఉంటే ఇది మామూలే. అప్పుడు అమ్మాయికి మంచి జీతమున్న ఇంటర్న్‌షిప్ ఉంటే, ఆ 500 వదులుకోవడమే లాభం.

ఎలా చేసినా, జీతంలో కోసిన పన్ను వెనక్కి రావాలంటే తను రిటర్న్ వేయాలి. అందులో ‘నన్ను వేరొకరు డిపెండెంట్‌గా చూపవచ్చు’ అన్న గడిలో టిక్ పెట్టడం మరవొద్దు, మనం చూపకపోయినా సరే.