అడవిలో బతకడం నేర్పే క్యాంపు: నాలుగున్నర వేలకు నాకు దక్కింది ఏంటంటే

పోయిన అక్టోబరులో అనంతగిరి కొండల్లో నేనూ మా బావమరిదీ దారి తప్పాం. పెద్ద సాహసమేమీ కాదు, గుడి దగ్గర బండి పెట్టి "అలా లోపలికి ఒక అరగంట నడిచొద్దాం" అని వెళ్లినవాళ్లం, మూడున్నర గంటల తర్వాత ఎక్కడో తారు రోడ్డు మీద తేలి, షేర్ ఆటో పట్టుకుని బండి దగ్గరికొచ్చాం. ఇద్దరికీ కలిపి అరలీటరు నీళ్లు, ఫోన్లో సిగ్నల్ లేదు, బావమరిది మొహం చూస్తే నాకు ఇంకా టెన్షన్. ఇంటికొచ్చాక మా ఆవిడ పెట్టిన చీవాట్లు వేరే కథ.

అందుకే వికారాబాద్ వైపు ఒక ఫామ్‌లో రెండు రోజుల సర్వైవల్ క్యాంపు పెడుతున్నారని తెలియగానే డబ్బు కట్టేశాను. మనిషికి 4,500. మొత్తం పద్నాలుగు మందిమి, నేర్పేవాళ్లు ఇద్దరు. వాళ్ల పేరు రాయను, కొత్తగా మొదలుపెట్టారు, మనుషులు మంచివాళ్లు, ఈ ఫిర్యాదులన్నీ వాళ్ల ఎదుటే చెప్పొచ్చాను.

నా ప్రశ్న ఒక్కటే. ఇన్ని విద్యల్లో ఒక్కటే నేర్చుకునే తీరిక ఉంటే ఏది నేర్చుకోవాలి? శనివారం పొద్దున టీ తాగుతూ నేర్పేవాళ్లలో ఒకాయన్ని అదే అడిగాను. ఆయన తడుముకోకుండా "నిప్పు రాజేయడం సార్" అన్నారు.

అన్నట్టే మధ్యాహ్నం అంతా నిప్పే. విల్లులా వంచిన కర్రకు తాడు కట్టి, ఆ తాడులో ఇంకో పుల్ల ఇరికించి, చెక్క మీద గిరగిరా తిప్పడం, మూడు గంటలు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇద్దరికి పొగ వచ్చింది, ఒక్క కుర్రాడికి నిప్పు వచ్చింది, వాణ్ని భుజాల మీద ఊరేగించినంత పని చేశాం. సరదాగా ఉంది, కాదనను. తర్వాత ఫెర్రో రాడ్ (గీస్తే నిప్పురవ్వలు రాలే లోహపు కడ్డీ) ఇచ్చారు, కొబ్బరి పీచు మీద గీస్తే రెండు నిమిషాల్లో అంటుకుంది. కానీ మన కొండల్లో నాకు నిప్పుతో ఏం పని? మంచు కురిసే చోట అది లేకపోతే రాత్రి గడవదు, హిమాలయాలకు వెళ్లేవాళ్లు నేర్చుకోవాల్సిందే. ఇక్కడ ఎండాకాలం వచ్చేసరికి టేకాకంతా రాలి, ఎండి, నడుస్తుంటే గలగలమంటుంది, అందులో ఒక్క రవ్వ పడితే నేను బతకడం అటుంచి కొండ తగలబెట్టిన వాణ్నవుతాను, పైగా రిజర్వ్ ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం. వానాకాలంలోనా, పుల్లలన్నీ తడి. అంతగా అవసరమైతే జేబులో ఒక లైటర్ వేసుకుంటే సరిపోతుంది కదా.

నీళ్ల క్లాసు ఫరవాలేదు. బట్టతో వడగడితే మట్టి పోతుంది కానీ క్రిములు పోవు, నీళ్లు తెర్లాక కనీసం ఒక నిమిషం మరగనివ్వాలి, క్లోరిన్ బిళ్ల వేస్తే అరగంట ఆగాలి. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు, చెయ్యి తిరగాల్సిన పనేం కాదు. ఆ మాటకొస్తే ఒక్క రోజు నడకకు మూడు లీటర్లు మోసుకెళ్తే ఈ గొడవే ఉండదు.

నాకు ఒళ్లు మండింది పాముకాటు క్లాసు దగ్గర. పది నిమిషాలు! 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయి ఉంటారని అంచనా. చెప్పింది మాత్రం సరిగ్గానే చెప్పారు: పైన తాడు బిగించొద్దు, గాటు పెట్టొద్దు, నోటితో పీల్చొద్దు, కరిచిన కాలు కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ బద్ద కట్టడం మా చేత ఒక్కసారైనా చేయించాలి కదా. పైగా గుడారాల నుంచి టాయిలెట్ దాకా ఒక్క లైటు లేదు, గడ్డిలో నడిచి వెళ్లాలి.

ఇక ఆదివారం. నేను పెట్టిన డబ్బంతా ఆ ఒక్క పూటలోనే వసూలైంది. ముందు కళ్లకు గంతలు కట్టి ఖాళీ చేనులో తిన్నగా నడవమన్నారు. నేను తిన్నగానే నడిచాననుకున్నాను, గంతలు విప్పి చూస్తే బయల్దేరిన చోటికి ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. 2009లో జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్లు అడవిలోనూ సహారా ఎడారిలోనూ మనుషుల్ని నడిపించి చూశారు, సూర్యుడో చంద్రుడో కనిపించకపోతే వాళ్లు తెలియకుండానే గుండ్రంగా తిరిగారట. ఆ సంగతి ఎప్పుడో చదివాను, నమ్మింది మాత్రం ఆ చేనులోనే.

తర్వాత దిక్సూచి, అడుగుల లెక్క. కుడికాలు పడినప్పుడల్లా ఒకటి చొప్పున లెక్కపెడితే నాకు వంద మీటర్లకు 66 వచ్చింది. వెళ్లిన దిక్కుకు 180 డిగ్రీలు కలిపితే, లేదా తీసేస్తే, తిరిగొచ్చే దిక్కు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన మధ్యలో మామూలుగా అనేసిన మాట ఒక్కటీ ఒక ఎత్తు: ప్రతి మలుపులో ఆగి వెనక్కి తిరిగి చూడండి, తిరిగొచ్చేటప్పుడు మీకు కనిపించేది అదే. నాకు అక్టోబరు మొత్తం అక్కడే అర్థమైంది. వెళ్లేటప్పుడు పక్క నుంచి ఇంకో బాట వచ్చి మన బాటలో కలుస్తుంది, మనం పట్టించుకోం, ఎందుకంటే ముందున్నది ఒకటే దారి. వచ్చేటప్పుడు అదే చోట దారి రెండుగా చీలి కనిపిస్తుంది. మేం తప్పు చీలిక పట్టుకుని, "ఇదే, ఇదే" అని ఒకరికొకరం ధైర్యం చెప్పుకుంటూ గంట నడిచాం. కాబట్టి నన్నడిగితే మొదట నేర్చుకోవాల్సింది ఇదే, నిప్పూ నీళ్లూ అన్నీ దారి తప్పాక వచ్చే అవసరాలు.

ఇక్కడా ఒక లోటుంది. ఫోన్లు లాక్కుని పెట్టారు, పాత పద్ధతిలో నేర్చుకోవాలట. సిగ్నల్ లేకపోయినా ఫోన్లో జీపీఎస్ పనిచేస్తుందని, ఇంట్లోనే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే చాలని ఒక్క ముక్క చెప్పి ఉంటే పద్నాలుగు మందికీ పనికొచ్చేది. ఎక్కడికి వెళ్తున్నామో, ఎన్నింటికి వస్తామో ఇంట్లో చెప్పి వెళ్లాలన్న మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

భోజనం బాగుంది, జొన్న రొట్టె, నాటుకోడి, రాత్రి వేడివేడిగా పెట్టారు. ఐదుకి మూడు ఇస్తాను, ఆ మూడూ ఆదివారానివే. వచ్చేటప్పుడు అడిగాను, ఆదివారం ఒక్కటే విడిగా పెట్టొచ్చు కదా, సగం డబ్బుకి నేనే నలుగురిని తీసుకొస్తానని. ఆయన నవ్వి, "ఫొటోలు నిప్పుకే వస్తాయి సార్, దిక్సూచి క్లాసని పెడితే ఎవరు కడతారు?" అన్నారు.