గోదావరి దాటడానికి రెండు దారులు

కొవ్వూరు నుంచి రాజమండ్రి వెళ్లాలంటే మా ఇంట్లో రెండు పక్షాలు. నాన్నగారు 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన వైపు, తమ్ముడు 2015లో తెరిచిన నాలుగో వంతెన వైపు.

పాతది ఇరుకు. ముందు ఒక లారీ మొరాయించిందంటే, వెనక వరుసలో ఉన్నవాళ్లంతా ఇంజన్లు ఆపి గోదావరిని చూస్తూ నిలబడాల్సిందే. కానీ పైన మనం, కింద రైలు! స్కూటర్ ఆపి రెయిలింగ్ మీద చెయ్యి వేస్తే, రైలు వెళ్లిపోయేదాకా ఆ అదురు అరచేతిలో తెలుస్తుంది. పైగా తిన్నగా ఊళ్లోకి దింపుతుంది.

కొత్తది ఎగువన, కాతేరు మీదుగా దివాన్‌చెరువు దగ్గర జాతీయ రహదారిలో కలుస్తుంది. విశాఖ వెళ్లే కారుకు ఇదే సుఖం, రాజమండ్రి రద్దీ తగలదు. బట్టల కొట్టుకో, ఆసుపత్రికో వెళ్లేవాళ్లకు మాత్రం చుట్టు తిరుగుడే.

అమ్మ ఈ తగవులో తలదూర్చదు. ఆవిడ రైలెక్కుతుంది, కిటికీ పక్కన కూర్చుని నదిలో రూపాయి వేస్తుంది.