పదహారు నెలల ఫీడర్: అమ్మ గొంతు, మిరియం నాటకం

పిల్లికి టైముకి తిండి పెట్టే ఆటోమేటిక్ ఫీడర్ కొని పదహారు నెలలైంది. ఎంత తిండి పడుతుంది, ఏ యాప్‌తో నడుస్తుంది లాంటివి డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నా గొడవంతా ఒక్క ఫీచర్‌తోనే. మన గొంతు రికార్డు చేసి పెడితే, తిండి పడే ముందు మిషన్ ఆ గొంతుతో పిల్లిని పిలుస్తుంది. కొనేటప్పుడు నన్ను పడేసింది అదే. ఇప్పుడు పేరెత్తితే ఒళ్లు మండేదీ అదే.

మా ఇల్లు చిక్కడపల్లి, నా ఆఫీసు హైటెక్ సిటీ. పరేడ్ గ్రౌండ్స్‌లో మెట్రో మారి ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, రోజుకు నాలుగుసార్లు వంగి గిన్నెలో పెట్టడం ఆమె వల్ల కాదు. అందుకే కొన్నాను. పిల్లి పేరు మిరియం. నల్లటి నాటు పిల్లి, వానలో తడుస్తూ మా సెల్లార్‌లో దొరికింది. (పక్కింటావిడ పొద్దున్నే ఇది ఎదురైతే లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరుతుంది. ఏడాదిన్నరగా ఇదే తంతు.)

గొంతు అమ్మతోనే రికార్డు చేయించాను. "మిరియం, దా బిడ్డా, బువ్వ తిందువు దా!" రెండు రోజులు బిత్తరపోయి మంచం కింద దూరింది. మూడో రోజు నుంచి ఏ గదిలో ఉన్నా ఉరుక్కుంటూ వచ్చేది. అమ్మ స్వయంగా పిలిస్తే మాత్రం ఒక చెవి అటు తిప్పి ఊరుకునేది. పెంపుడు పిల్లులకు తమ పేరు తెలుసని 2019లో జపాన్ పరిశోధకులు చూపించారట. తెలియడం వేరు, రావడం వేరు. నేను మాత్రం సంబరపడిపోయి మొదటి నెలలోనే ఐదు స్టార్లు ఇచ్చి, "అమ్మకు పని తప్పింది, గొంతు ఫీచర్ అద్భుతం" అని రాసేశాను.

నిజానికి అప్పుడే ఒకటి గమనించి ఉండాల్సింది. గొంతు మోగేసరికే మిరియం గిన్నె ముందు కూర్చుని ఉండేది. లోపల మిషన్ కదిలేముందు వచ్చే సన్నని చప్పుడేదో దానికి వినిపిస్తోందని నా అనుమానం. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే పిల్లి చెవి దాదాపు 85 దాకా పోతుంది మరి. అంటే అమ్మ గొంతు లేకపోయినా అది వచ్చేదే.

అసలు కథ గత జులైలో మొదలైంది. లాల్ దర్వాజా బోనాలు. పిన్ని వాళ్లింటికి పొద్దున్నే అందరం వెళ్లిపోయాం. ఆ వారమంతా ముసురు. నేను మధ్యమధ్యలో యాప్ చూస్తూనే ఉన్నాను, పొద్దున 12 గ్రాములు పెట్టాను, మధ్యాహ్నం 12 గ్రాములు పెట్టాను అని మెసేజ్‌లు వస్తున్నాయి. నిశ్చింతగా ఉన్నాం.

రాత్రి తొమ్మిదిన్నరకు తలుపు తీస్తే మిరియం అరవలేదు. గిన్నె ముందు ముడుచుకుని కూర్చుని ఉంది. గిన్నె అద్దంలా మెరుస్తోంది. అంతా తినేసిందనుకున్నాం. నేను చెప్పులు విప్పుతుండగానే రాత్రి పూట టైమింగ్ వచ్చింది. "మిరియం, దా బిడ్డా, బువ్వ తిందువు దా!" అని అమ్మ గొంతు. తర్వాత మోటారు గర్ర్ మని మూలిగింది. ఒక్క గింజ పడలేదు. యాప్‌లో మాత్రం ఠంచనుగా "12 గ్రాములు పెట్టాను."

మిరియం మిషన్ వైపు చూడలేదు. తల తిప్పి అమ్మ ముఖంలోకి చూసింది. అమ్మ చేతిలో ప్రసాదం డబ్బా అలాగే ఉండిపోయింది.

"ఏందే ఇది! నా గొంతుతోని పిలిచి గిన్నె ఖాళీగ పెడ్తదా? దాని ఉసురు ఎవరికి తగుల్తది, మిషన్‌కా, నాకా?"

విప్పి చూస్తే, చెమ్మకు గింజలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుని, కిందికి తోసే రబ్బరు రెక్కల మధ్య ముద్ద కట్టాయి. నా మిషన్‌కు గింజలు తూచే ఏర్పాటు లేదు. మోటారు ఎన్ని సార్లు తిరిగిందో లెక్కపెట్టి, ఇంత పడి ఉంటుందని యాప్‌కు చెబుతుంది. ఇది నాకు ఆ రాత్రి తెలిసింది. కంపెనీకి ఫోన్ చేస్తే "పొడి ప్రదేశంలో ఉంచండి మేడమ్" అన్నారు. ఆషాఢంలో హైదరాబాదులో పొడి ప్రదేశం ఎక్కడుందో వాళ్లే చెప్పాలి. సిలికా జెల్ పొట్లాలు మూతలో అతికించి, మూడు రోజులకు సరిపడా మాత్రమే పోయడం మొదలుపెట్టాక గింజలు మళ్లీ ఇరుక్కోలేదు. కాబట్టి మిషన్ తప్పు అక్కడితో ముగిసినట్టే.

మిరియం మాత్రం ఆ రాత్రి నేర్చుకున్న పాఠం మరిచిపోలేదు.

డిసెంబరులో టీకాకు తీసుకెళ్తే 4.1 కిలోల పిల్లి 5.2 కిలోలు తూగింది. "ఏం పెడుతున్నారమ్మా?" అన్నారు డాక్టరు. రోజుకు 48 గ్రాములే అని యాప్ చూపించాను. ఆయన యాప్ వంక చూసి, పిల్లి పొట్ట వంక చూసి, ఏమీ అనలేదు. ఇంటికొచ్చి లెక్క వేశాను. 1.2 కిలోల ప్యాకెట్ 25 రోజులు రావాలి. 18 రోజులకే అయిపోతోంది. అమ్మను అడిగితే "నాకేం తెల్సు" అంది. నాన్న పేపర్‌లోంచి తల ఎత్తలేదు.

పాత ఫోన్‌ను ఫ్రిజ్ మీద కెమెరాలా పెట్టాను. ఒంటి గంటకు గొంతు, గింజలు. మిరియం నాలుగు నిమిషాల్లో తినేసి, గిన్నె నాకి, సోఫా ఎక్కి పడుకుంది. రెండున్నరకు పడకగది తలుపు కిర్రుమంది. తక్షణం దిగి, గిన్నె ముందు కూర్చుని, జులైలో ఎలా ముడుచుకుందో సరిగ్గా అలాగే ముడుచుకుంది! అమ్మ రాగానే గురగుర మొదలు. ఆ గురగురలో సన్నగా ఒక ఏడుపు. పిల్లులు తిండి కోసం మనుషుల దగ్గర గుర్రు లోపల ఏడుపు కలుపుతాయని 2009లో సస్సెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు తేల్చారు. మా ఇంట్లో రోజూ మధ్యాహ్నం రెండున్నరకు జరిగేది అదే. "మళ్లీ మోసం జేసిందా బిడ్డా?" అంటూ అమ్మ, ఏ మోకాళ్ల కోసం మిషన్ కొన్నానో ఆ మోకాళ్ల మీదే వంగి, పిడికెడు పోసింది.

వీడియో ఇంకా ఉంది. పొద్దున అయిదింటికి, పాలప్యాకెట్ తెచ్చే ముందు, నాన్న. అదే నాటకం, ఇంకో పిడికెడు. ఒకరు పెడుతున్నట్టు ఇంకొకరికి తెలియదు.

కొనాలా వద్దా అంటే నేను గట్టిగా చెప్పలేను. కొండాపూర్‌లో ఒంటరిగా ఉండే నా కొలీగ్‌కు ఇదే మోడల్ ఏ పేచీ లేకుండా నడుస్తోంది. వాళ్లింట్లో మధ్యాహ్నం జాలిపడే మనిషి లేరు. నా ఐదు స్టార్లను మూడున్నర అనుకోండి. మోటారుకు, టైమింగ్‌కు నాలుగు ఇస్తాను. గొంతుకు ఎంత ఇవ్వాలో తెలియడం లేదు. రోజంతా ఊరికి వెళ్లేవాళ్లయితే దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి, పక్కింట్లో ఒక తాళంచెవి ఇచ్చి వెళ్లండి. (నల్లపిల్లి అయితే ఆ ఆశ కూడా పెట్టుకోవద్దు.)

డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించి 4.7కు తెచ్చాం. మళ్లీ వానలు మొదలయ్యాయి కదా అని, పోయిన ఆదివారం ఆ రికార్డింగే తీసేశాను. ఒంటి గంటకు మోటారు ఒక్కటే గిర్రున తిరిగింది, గింజలు పడ్డాయి. లోపలి గదిలో పడుకున్న అమ్మ కళ్లు తెరవకుండానే, "మిరియం, దా బిడ్డా, బువ్వ తిందువు దా!" అంది. అని, అనుమానమొచ్చి లేచి చూడ్డానికి వచ్చింది. మిరియం అప్పటికే మిషన్‌కు వీపు పెట్టి, పడకగది తలుపు వైపు తిరిగి కూర్చుని ఉంది.