మ్యాచ్ రోజు ట్రైన్ టికెట్: వెళ్లేటప్పుడు హాయి, వచ్చేటప్పుడు నరకం

ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ట్రైన్‌లో వెళ్లడం బాగానే ఉంటుంది, తిరుగు ప్రయాణంలోనే అసలు కథ. మొన్న మ్యాచ్ అయ్యాక స్టేషన్‌లో టికెట్ మెషిన్ల ముందు లైన్ చూసి నీరుగారిపోయాను, పైగా వాటిలో ఒకటి పనిచేయడం లేదు, నేనేమో తెలివిగా ఒకవైపు టికెట్టే కొన్నాను! కార్డు ట్యాప్ చేసినవాళ్లు మాత్రం దర్జాగా గేటు దాటేశారు. అన్నట్టు, వెళ్లేటప్పుడు ఫోన్, వచ్చేటప్పుడు కార్డు వాడితే చాలాచోట్ల వేర్వేరు ప్రయాణికులుగా లెక్కేస్తారు, రోజువారీ గరిష్ఠ ఛార్జీ (ఎన్నిసార్లు తిరిగినా రోజుకి ఇంతకు మించి తీసుకోరు అనే పరిమితి) లాభం పోతుంది. 2022 ఖతార్ ప్రపంచకప్‌లో హయ్యా కార్డు (మ్యాచ్‌లకి వచ్చే అభిమానులకి ఇచ్చిన గుర్తింపు కార్డు) ఉంటే మెట్రో ఉచితం. జర్మనీలో జరిగిన యూరో 2024లో మ్యాచ్ టికెట్ ఉన్నవాళ్లకి 36 గంటల లోకల్ ప్రయాణ పాస్ ఇచ్చారు. ఇక్కడా అలా చేస్తే ఏం పోయింది? ఐదుకి రెండు స్టార్లు, అవీ ట్రైన్ టైముకి వచ్చినందుకే.