పొన్నగంటి కూరా, కళ్ళ బిళ్ళలా? శుక్లాలకు ఏది మేలు?

కిందటి నెల గార మండలంలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. తెల్లరాళ్ళు అలాగే వదిలేస్తోంది. చేటను వెలుతురు వైపు తిప్పి, కళ్ళు చికిలించి, చివరికి వేళ్ళతో తడిమి చూసుకుంటోంది. రాత్రిపూట ఎదురుగా బండి లైటు వస్తే వెలుగు చిమ్మినట్టై దారి కనబడదట. శ్రీకాకుళంలో చూపిస్తే శుక్లాలు మొదలయ్యాయని, ఆపరేషన్‌కు తొందరేమీ లేదని చెప్పారు. ఈలోగా పక్కింటి అబ్బాయి విశాఖ నుంచి ఓ క్యాప్సూల్స్ డబ్బా తెచ్చిచ్చాడు. “ఏటి బాబూ, ఇవి మింగితే పొర కరిగిపోద్దా?” అని అడిగింది.

కరగదు. కంటి కటకంలో ఉండే ప్రోటీన్లు వరసగా సర్దుకుని ఉన్నంతకాలం అది గాజులా ఉంటుంది. వయసు, ఎండ, పొగ, షుగర్ వాటిని దెబ్బతీస్తే ముద్దకట్టి మసకబారుతుంది. ఉడికిన గుడ్డులో తెల్లసొన మళ్ళీ పచ్చిగా మారదు కదా, ఇదీ అంతే. వచ్చేసిన శుక్లానికి ఆపరేషన్ ఒక్కటే దారి. తిండి చేయగలిగిందల్లా అది రాకుండా, లేదా త్వరగా ముదరకుండా కాస్త సాయపడటం.

ఆ సాయం బిళ్ళతో వస్తుందా, కూరతో వస్తుందా?

బిళ్ళల సంగతి అమెరికాలో వేలమంది మీద ఏళ్ళ తరబడి పరీక్షించారు. విటమిన్ సి, ఇ, బీటాకెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం) పెద్ద మోతాదులో ఇచ్చి చూసిన ఎరెడ్స్ అనే, వయసుతో వచ్చే కంటిజబ్బుల పరిశోధన 2001లో వచ్చింది. శుక్లాల విషయంలో తేడా ఏమీ కనబడలేదు. 2013లో వచ్చిన రెండో పరిశోధనలో ఆకుకూరల్లో ఉండే పసుపు రంగు పదార్థాలైన లూటీన్ రోజుకు 10 మిల్లీగ్రాములు, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు ఇచ్చారు. మొత్తంమీద శుక్లాల ఆపరేషన్లు తగ్గలేదు. అయితే తిండిలో లూటీన్ బాగా తక్కువగా ఉన్నవాళ్ళలో మాత్రం కొంత మేలు కనిపించింది. అంటే ఆ లోటు కూరతోనే తీర్చుకోవచ్చు కదా అని నాకు అనిపిస్తుంది. రెటీనా (కంటి వెనక పొర) మధ్యభాగం అరిగే జబ్బు ఒక దశకు చేరినవాళ్ళకు ఈ బిళ్ళలు పనికొస్తాయి, డాక్టరు రాస్తే వాళ్ళు మానకూడదు. శుక్లాలకని కొనుక్కోవడం మాత్రం డబ్బు దండగ.

మా పెద్దమ్మ విషయంలో ఇంకో భయం ఉంది. ఆవిడది అడ్డపొగ. మన తీరంలో చాలామంది ఆడవాళ్ళలాగే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. పొగతాగేవాళ్ళకు బీటాకెరోటిన్ బిళ్ళలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని ఫిన్లాండ్‌లో 1994లోనే తేలింది. అందుకే డబ్బా తిప్పి, వెనక అక్షరాలు ఒక్కొక్కటే చదివాను. బీటాకెరోటిన్ ఉంది. పక్కన పెట్టేశాను. అసలు పొగే శుక్లాలను పెంచుతుంది, ఆ మాట కూడా చెప్పాను.

ఇక కూర. పొన్నగంటి, మునగాకు, తోటకూర లాంటి ముదురాకుపచ్చ ఆకుల్లో లూటీన్ ఉంటుంది. ఆకుకూరలు బాగా తినేవాళ్ళలో శుక్లాలు కొంత తక్కువని చాలా పరిశీలనల్లో కనిపించింది. కూర వల్లనే తగ్గాయని దాంతో రుజువైపోదు, నిజమే. కానీ కూరతో పోయేదేముంది? లూటీన్ నూనెలో కరిగేది కాబట్టి పోపులో చెంచా నూనె ఉండాలి. గుడ్డు పచ్చసొన ఇంకా మంచిది, అందులోని లూటీన్ ఒంటికి సులువుగా పడుతుంది. మునగాకు తింటే తగ్గేది రేచీకటి కదా అంటారు కొందరు. రేచీకటి విటమిన్ ఎ లోపం, శుక్లం వేరు.

ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఆకుకూరలు పెంచకండి. వాటిలో పొటాషియం ఎక్కువ.

నన్నడిగితే, ఈ రెండింటికన్నా కంచంలో అన్నం సంగతి పెద్దది. షుగర్ అదుపు తప్పితే రక్తంలోని గ్లూకోజ్ కటకంలోకి చేరి సార్బిటాల్‌గా మారుతుంది, అది నీళ్ళు లాక్కుని కటకాన్ని ఉబ్బిస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకు శుక్లాలు ముందే రావడానికి ఇదొక కారణం. పొద్దున చోడి (రాగి) అంబలి తాగితే చాలనుకోకూడదు. మెత్తటి పిండితో పల్చగా కాచిన అంబలి షుగర్‌ను గబగబా పెంచేస్తుంది. అన్నం సగం చేసి, ఆ జాగాలో కూర, పప్పు, దొరికిన రోజున కవళ్ళ చేపలు పెట్టుకుంటే మంచిది.

పెద్దమ్మకు షుగర్ పరీక్ష చేయించాం, హద్దు దాటే ఉంది. ఇప్పుడు కాలవగట్టున పొన్నగంటి తనే కోసుకొస్తోంది, ఎండలో కొంగు బదులు గొడుగు పట్టుకెళ్తోంది. చుట్ట మాత్రం ఇంకా మానలేదు, రోజుకు రెండుకు దించింది. “పొర పండాక కోయించుకుంటాలే” అంటే, “పండేదాకా ఆగక్కర్లేదు పెద్దమ్మా, బియ్యంలో రాళ్ళు కనబడకపోతే చాలు, చేయించుకోవచ్చు” అన్నాను. ఆరు నెలలకు మళ్ళీ రమ్మన్న తేదీని గోడ క్యాలెండర్ మీద ఆవిడకు కనబడేంత లావుగా రాసి వచ్చాను.